కుంటి గాలిమర దగ్గర లంగరు గీత

జూలైలో, స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి కాలే రోజుల్లో కూడా, కుంటి గాలిమర దగ్గరికి వచ్చేసరికి మావాళ్ళు బండి అద్దాలు పైకెత్తేస్తారు. పొద్దుగూకాక అయితే మరీను. ఒంటి మీద చెమటలు కారుతున్నా సరే, ఆ దిబ్బ దాటి అవతలికి దిగేదాకా దించరు.

"దెయ్యాలా? ఈ వయోమింగ్‌లో మనిషికి మనిషే దొరకడు. దెయ్యాలు ఎవర్ని చూసుకుని వస్తాయి ఇర్మా?" అని నా హోటల్లో కాఫీ తాగుతూ నవ్వేవాళ్ళు ఉన్నారు. అందరికన్నా ముందు అద్దాలెత్తేది వాళ్ళే.

అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఒక కాలు భూమిలోకి దిగబడి, పక్కకి ఒరిగిపోయిన పాత గాలిమర. దాని కింద ఎండిపోయిన ఇనప తొట్టి. చుట్టూ కనుచూపు మేర ఘాటు వాసనేసే సేజ్ పొదలు, వాటి మధ్య దుమ్ము. అంతే.

కానీ గాలి పడిపోయిన రాత్రి... గాలిమర రెక్క కదలని రాత్రి... అక్కడొక చప్పుడు పుడుతుంది.

గర్ర్... గర్ర్... ఖణ్.

ఆగుతుంది. మళ్ళీ — గర్ర్... గర్ర్... ఖణ్.

నేల మీద ఏదో గొలుసు ఈడ్చుకుంటూ పోతున్నట్టు.

గ్యాస్ ట్యాంకరు నడిపే లానీ బెక్‌స్టెడ్ ఒకసారి సరిగ్గా అక్కడే ఒంటేలుకి బండి దిగాడు. పని కానిచ్చుకుని వెనక్కి తిరిగితే, మట్టిరోడ్డుకి అడ్డంగా ఒక గీత కనపడిందట. పార మొనతో గీసినట్టు, లోతుగా.

"గీతేగా, దానికెందుకంత వణుకు?" అన్నాను.

"ఇర్మా... ఆ గీత నా టైరు అచ్చుల పైనుంచి పోయింది."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అచ్చులు అప్పుడే పడ్డవి. అంటే బండి ఆగాక, వాడు అటు తిరిగి నిలబడ్డ ఆ కాస్త సేపట్లో, వాడి వీపు వెనక నుంచే ఏదో ఈడ్చుకుంటూ దాటి వెళ్ళింది. లానీ జిప్పు కూడా పెట్టుకోకుండా బండెక్కాడట. ఇది వాడు చెప్పుకున్న మాటే, నేను కల్పించింది కాదు.

ఆ గీత ఏమిటో వాడికి తెలియకపోవచ్చు. నాకు తెలుసు. నేను కొయోటీలకి, అంటే నక్కల్లాంటి అడవి కుక్కలకి, ఉచ్చులు వేసేవాడితో కాపురం చేసినదాన్ని.

మా ఓరిన్ బతికుండగా ఈ మైదానమంతా అతనే చూసుకునేవాడు. ఎండాకాలం మొదట్లో ఇక్కడి జింకలు ఈనుతాయి. తల్లి తన కూనని పొదలో పడుకోబెట్టి, మేతకి దూరంగా వెళ్తుంది. సరిగ్గా అదే సమయానికి కొయోటీలకీ గుహలో పిల్లలుంటాయి. వాటి ఆకలి తీర్చడానికి మొగుడూ పెళ్ళాలు పొద పొదా గాలిస్తాయి. కొన్నేళ్ళు ఆగస్టు వచ్చేసరికి మందలో ఒక్క కూన కూడా మిగలలేదు. అందుకే వేట క్లబ్బు వాళ్ళు ఎండాకాలం ఉచ్చులు వేయించేవాళ్ళు. ఆ పనిని నేను తప్పు పట్టను. మందలో కూనలు మళ్ళీ గంతులెయ్యడం కళ్ళారా చూశాను.

తప్పంతా ఎలా చేశారన్న దాంట్లో ఉంది.

ఓరిన్ తన ఇనప దవడల ఉచ్చుని నేలకి దిగ్గొట్టేవాడు కాదు. ఉచ్చుకి గొలుసు, గొలుసు చివర రెండు కొక్కేల లంగరు. కాలు పడ్డ జంతువు ఉచ్చుతో సహా పారిపోతుంది. లంగరు నేలని గీసుకుంటూ పోయి, చివరికి ఏ పొదలోనో చిక్కుకుంటుంది. పొద్దెక్కి ఎండ ముదరక ముందే ఉచ్చు వేసినవాడు వెళ్ళాలి. గీత పట్టి నడవాలి. దాన్ని వెతికి, ఒక్క గుండుతో ముగించాలి. ఆడదైతే, దాని గుహ కూడా వెతకాలి. పిల్లల్ని ఆకలికి వదిలెయ్యకూడదు.

"ఇనుము వేసింది నువ్వు. ముగించాల్సిందీ నువ్వే. గీత కనపడితే తిండి మానుకునైనా వెళ్ళు" అనేవాడు ఓరిన్. తన దగ్గర పని నేర్చుకున్న ఎల్డన్ ప్రూయిట్‌కి ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఓరిన్ పోయాక ఆ పని ఎల్డన్‌కి వచ్చింది. పనిమంతుడే. నోరు మాత్రం పెద్దది.

ఎల్డన్‌కి పెన్నీ అని ఒక కుక్క ఉండేది. ఎండాకాలం ఉచ్చుల వాళ్ళు అలాంటి కుక్కని వెంట తీసుకెళ్తారు. పిల్లలున్న కొయోటీలు తమ గుహ దగ్గరికి కుక్క వస్తే ఓర్చుకోలేవు, తరుముతాయి. కుక్క వెనక్కి పరిగెత్తి వాటిని తుపాకీ ముందుకు తెస్తుంది. పెన్నీ ఆ పనిలో ఆరితేరింది. ఎల్డన్ కూతురు, నాలుగేళ్ళ టాన్సీ, దాని పొట్ట మీద తల పెట్టుకుని నిద్రపోయేది.

ఒక పొద్దున కుంటి గాలిమర దగ్గర పెన్నీ వెనక్కి రాలేదు. ఎల్డన్ దిబ్బ ఎక్కేసరికి రెండు కొయోటీలూ దాన్ని కింద పడేసి ఉన్నాయి. మొగదాన్ని అక్కడికక్కడే కాల్చాడు. ఆడది తప్పించుకుంది. కుక్క అతని ఒళ్ళో చాలాసేపు కొట్టుకుని పోయింది. అక్కడే గొయ్యి తీసి పూడ్చి, పైన రాళ్ళు పేర్చాడు.

ఆ సాయంత్రమే ఆ రాళ్ళ పక్కన ఉచ్చు వేశాడు. ఎరగా ఏం పెట్టాడో తెలుసా? పెన్నీ పడుకున్న గడ్డి. శత్రువు వాసన తగిలితే ఆడది రాకుండా ఉండలేదని వాడికి తెలుసు.

వచ్చింది. పడింది. లంగరుతో సహా వెళ్ళిపోయింది.

ఆ వారమే ఎల్డన్ నా హోటల్లో కూర్చుని చెర్రీ పళ్ళ తీపి రొట్టె తింటున్నాడు.

"గాలిమర దగ్గర నీ ఉచ్చు లేచిపోయిందటగా?" అన్నాను.

"ఆఁ, పడింది ముండ" అన్నాడు నములుతూ.

"ఎక్కడ దొరికింది?"

"వెతకలేదు."

కాఫీ కెటిల్ కింద పెట్టాను. "గీత పట్టి వెళ్ళలేదా?"

"ఎందుకెళ్ళాలి? ఒక్క గుండుతో చస్తే దానికేం తెలుస్తుంది ఇర్మా? నా పెన్నీ ఎంత కొట్టుకుందో నేను చూశాను. ఇదీ ఈడ్చుకుంటూ తిరగనీ. ఈ ఎండలో."

"దానికి పిల్లలుంటాయిరా."

"ఉన్నాయి. రాత్రి వినపడ్డాయి, కుయ్ కుయ్ మంటూ. నాలుగు రోజులైతే అవే ఊరుకుంటాయి."

"ఓరిన్ ఉంటే నీ చెంప పగలగొట్టేవాడు" అన్నాను.

"ఓరిన్ లేడుగా. ఇంకో ముక్క పెట్టు."

పెట్టలేదు. తింటున్న ప్లేటు కూడా ముందు నుంచి లాగేశాను. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

నిజంగానే కొన్ని రాత్రులకి ఆ పిల్లలు ఊరుకున్నాయి. మరుసటి ఎండాకాలం నుంచి గొలుసు చప్పుడు మొదలైంది.

లానీ కథ విని ఎల్డన్ పగలబడి నవ్వాడు. మా దగ్గర ప్రతి ఉచ్చుకీ రాగి బిళ్ళ కట్టి, దాని మీద సొంతదారు పేరు కొట్టించాలి, అది చట్టం. ఆ బిళ్ళ గురించి వాడు అన్న మాట అందరూ విన్నారు.

"అది తిరుగుతోంది నా ఉచ్చుతోనేగా? నా పేరుంది దాని మీద. చదువుకుని ఇంటికి తెచ్చివ్వమను!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇక ఆ రాత్రి జరిగింది చెబుతాను. ఇది ఎల్డన్ తన భార్య వెర్లీన్‌కి చెప్పింది. వెర్లీన్ నాకు చెప్పింది. మధ్యలో ఇంకెవరూ లేరు.

జూన్ చివర. గాలి లేదు. ఎండ ఎక్కకముందే ఉచ్చులు చూసుకోవాలని ఎల్డన్ చీకట్లోనే బయల్దేరాడు. కుంటి గాలిమర దగ్గర మలుపు తిరగ్గానే బండి దీపాల వెలుగులో కనపడింది — గీత.

రోడ్డుకి అడ్డంగా... తాజాగా... అంచుల నుంచి దుమ్ము ఇంకా జారుతోంది.

తన ఉచ్చుల్లో ఏదో పడిందనుకున్నాడు. ఏడాది కింద చేసిన పని గురించి వెర్లీన్ రోజూ దెప్పిపొడుస్తూనే ఉంది. ఈసారి వదలకూడదనుకుని తుపాకీ, టార్చి తీసుకుని గీత పట్టి నడిచాడు.

కొంతదూరం పోయాక గమనించాడు. గీత పక్కన కొయోటీ అడుగులున్నాయి. మూడు కాళ్ళవే. నాలుగో కాలు పడాల్సిన చోట గీత.

ముందు, చీకట్లో — గర్ర్... గర్ర్... ఖణ్.

టార్చి వేశాడు. ఏమీ లేదు. ఒక్క పొద మాత్రం ఊగుతోంది. గాలి లేకుండానే.

గీత పెన్నీ మీద పేర్చిన రాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వాటి చుట్టూ ఒకసారి తిరిగింది. రాళ్ళన్నీ దొర్లిపోయి ఉన్నాయి. గొయ్యి తోడేసి ఉంది. లోపల ఏమీ లేదు.

ఎల్డన్ టార్చి దించాడు. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ అక్కడి నుంచి గీత ఎటు పోతోందో చూశాడు.

అప్పటిదాకా పొదల మధ్య వంకరటింకరగా సాగిన గీత, అక్కడి నుంచి దారంలా తిన్నగా పోయింది. టార్చి ఎత్తి ఆ దిక్కు చూశాడు. దూరంగా, పల్లంలో, ఒకే ఒక్క దీపం.

అది వాడి ఇంటి వాకిట్లో దీపం.

ఆ రాత్రి ఉక్కకి టాన్సీని వరండాలో పడుకోబెట్టారు. మా ఊళ్ళో ఎండాకాలం పిల్లలందరూ వరండాలోనే పడుకుంటారు. బయటికీ వాళ్ళకీ మధ్య ఉండేది దోమల జాలీ ఒక్కటే.

ఎల్డన్ పరిగెత్తాడు. బండి సంగతి కూడా గుర్తు రాలేదు. పొదలు కాళ్ళకి గీరుకుంటున్నా, రాళ్ళు తగిలి పడుతున్నా లేచి పరిగెత్తాడు. వాడు ఎంత జోరుగా పరిగెత్తితే ముందున్న చప్పుడు కూడా అంత జోరుగా... గర్ర్ గర్ర్ గర్ర్... ఖణ్.

"ఆగు!" అని అరిచాడట. "నీక్కావలసింది నేను! ఆగవే!"

ఆగలేదు.

వాకిలి చేరేసరికి చప్పుడు లేదు. గీత వాకిట్లోంచి మెట్ల దాకా వచ్చింది. మెట్ల చెక్కల మీద కూడా ఉంది, తెల్లగా, చెక్క లేచిపోయేంత లోతుగా. జాలీ తలుపు తెరిచి ఉంది.

మంచం ఖాళీ.

"టాన్సీ..." వరండా అంతా టార్చి తిప్పాడు. "టాన్సీ..."

"ఇక్కడున్నా నాన్నా."

వరండా మూల, పెన్నీ పడుకునే పాత గోనెసంచి మీద కూర్చుని ఉంది పిల్ల. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఎల్డన్ తుపాకీ కింద పడేసి దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"కుక్క వచ్చింది నాన్నా" అంది టాన్సీ. "పెన్నీ కాదు. దాని కాలికి ఇనుము ఉంది. నేను తియ్యబోతే రాలేదు. ఇది ఒక్కటే ఊడొచ్చింది."

గుప్పిట విప్పింది. రాగి బిళ్ళ. చిలుము పట్టిన అక్షరాల్లో — ఎల్డన్ ప్రూయిట్.

అప్పటికి వెర్లీన్ లేచి వచ్చింది. మిగిలింది ఆవిడ తన చెవులతో విన్నదే.

"మా నాన్న తీస్తాడులే అన్నాను" అంది పిల్ల. "అప్పుడు అది, నా పిల్లలు ఎక్కడున్నాయి అని అడిగింది."

ఎల్డన్ ఆ బిళ్ళని పిల్ల చేతిలోంచి తీసుకున్నాడు.

"మా నాన్నకి తెలుసు అని చెప్పాను. నీకు తెలుసు కదా నాన్నా?"

వెర్లీన్ అంటుంది — తన మొగుడి మొహం అలా మారడం పెళ్ళయినప్పటి నుంచి ఎప్పుడూ చూడలేదట. పిల్లని ఆవిడ చేతుల్లో పెట్టి మెట్ల మీద కూలబడ్డాడు. గాలిమర దగ్గర నుంచి జరిగిందంతా చెప్పాడు. చివర్లో రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

"నాకు తెలీదు వెర్లీన్. నేను వెతకలేదుగా... ఆ గుహ ఎక్కడుందో నాకు తెలీదు."

సరిగ్గా అప్పుడు, దీపం వెలుగుకి అవతల నుంచి —

గర్ర్... ఖణ్.

అంతే. ఆగింది. ఎదురు చూస్తున్నట్టు.

"లోపలికి పద. తలుపేసుకుందాం" అని వెర్లీన్ అతని చొక్కా పట్టి లాగింది. "తెల్లారనీ ఎల్డన్, నీకు దండం పెడతాను."

"తెల్లారితే పోతుందనుకుంటున్నావా? ఇల్లు చూసుకుంది. పిల్లతో మాట్లాడింది." లేచి నిలబడ్డాడు. "ఇవాళ నేను వెళ్ళకపోతే రేపు మళ్ళీ వస్తుంది. రేపు ఉత్తినే అడిగి ఊరుకుంటుందని ఏమిటి నమ్మకం?"

"వెళ్ళి ఏం చేస్తావ్?"

"గీత పట్టి వెళ్తా" అన్నాడు. "ఓరిన్ చెప్పినట్టు."

తుపాకీ తీసుకోలేదు. టార్చి ఒక్కటే తీసుకున్నాడు. మెట్లు దిగేముందు పిల్ల నుదుటి మీద ఒకసారి చెయ్యి వేశాడు. వెర్లీన్ జాలీ తలుపు పట్టుకుని, ఆ చిన్న వెలుగు పొదల్లోకి పోవడం చూసింది. ముందు గొలుసు చప్పుడు, వెనక వెలుగు. పిలిచింది. అరిచింది. అతను తిరిగి చూడలేదు. దిబ్బ మీద వెలుగు ఒకసారి ఆగింది... ఆరిపోయింది.

పొద్దున్నే ఊరంతా కదిలింది. నేనూ వెళ్ళాను. బండి గాలిమర దగ్గరే ఉంది. ఇంటి దగ్గర నుంచి గీత స్పష్టంగా కనపడింది, దాని పక్కనే ఎల్డన్ బూటు అచ్చులు. రాతి నేల మొదలయ్యేదాకా రెండూ కలిసే పోయాయి. ఆ తర్వాత గీతా లేదు, అచ్చులూ లేవు. కుక్కల్ని తెచ్చారు, అవి ఆ రాతి నేల దగ్గరికి వచ్చి, తోక ముడిచి, అడుగు ముందుకు వెయ్యలేదు. పై నుంచి విమానంలో చూశారు. మనిషి దొరకలేదు. గుహ కూడా దొరకలేదు.

కొందరు ఏ రాతి చీలికలోనో పడిపోయి ఉంటాడన్నారు. కొందరు పెళ్ళాం పిల్లల్ని వదిలేసి పారిపోయాడన్నారు. నేను అందరికీ కాఫీ పోశాను. ఏడవలేదు. ఆ కొయోటీ పిల్లల కోసం ఎవరు ఏడ్చారు కనక?

టాన్సీ మాత్రం బాగానే పెరిగింది. ఆ రాత్రి తర్వాత వాళ్ళ వాకిట్లోకి ఏదీ రాలేదు. ఆ పిల్ల పెళ్ళయి వెళ్ళిపోయాక, ఒంటరిగా మిగిలిన వెర్లీన్ ఒక ఎండాకాలం రాత్రి నా దగ్గరికి వచ్చింది.

"ఇర్మా, నన్ను ఒకసారి గాలిమర దగ్గరికి తీసుకెళ్తావా? ఒక్కదాన్నీ వెళ్ళలేను."

తీసుకెళ్ళాను. ఇంజను ఆపాను. ఆవిడే తన చేత్తో అద్దం దించింది. గాలి లేదు. ఎండిన సేజ్ వాసన. చాలాసేపు ఇద్దరం అలాగే కూర్చున్నాం.

గర్ర్... గర్ర్... ఖణ్.

వెర్లీన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "విను" అని గుసగుసగా అంది. "దాని వెనక విను."

విన్నాను.

గొలుసు వెనక అడుగులు. బరువైన బూట్లు. ఒకటి మామూలుగా పడుతోంది, రెండోది పడ్డప్పుడల్లా టక్ మంటోంది. ఎల్డన్ ఎడం బూటు మడమలో మేకు ఒకటి బయటికి వచ్చి ఉండేది. నా హోటల్ చెక్కల మీద ఆ చప్పుడు ఎన్నేళ్ళు విన్నానో! చెప్పులు కుట్టేవాడి దగ్గరికెళ్ళి దిగ్గొట్టించుకోరా, నా నేల పాడవుతోంది అని ఎన్నిసార్లు తిట్టానో!

గర్ర్... టక్. గర్ర్... టక్.

మా బండి ముందు నుంచి దాటింది. దీపాలు నేను వెయ్యలేదు. ఎక్కడో దూరంగా, ఏ దిక్కు నుంచో తెలియకుండా, సన్నగా — కుయ్... కుయ్... అని వినిపించింది. గొలుసు అటు తిరిగింది. బూట్లూ అటే తిరిగాయి. అంతలో ఆ ఏడుపు ఇంకో దిక్కు నుంచి వినపడింది. గొలుసు మళ్ళీ తిరిగింది.

"ఆ గుహ ఇంకా దొరకలేదు" అంది వెర్లీన్. "ఇర్మా... దొరికితే అతన్ని వదిలేస్తుందంటావా?"

చెయ్యి చాపి ఆవిడ వైపు అద్దం పైకెత్తేశాను.